ఎలక్ట్రిక్ కారు, అడాస్: కొనేముందు, కొన్నాక అందరూ అడిగే ప్రశ్నలు

మూడేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. రోజూ ఉప్పల్ నుంచి ఆఫీసుకి, నెలకో రెండు నెలలకో విజయవాడ దాటి మా ఊరికి. పెళ్లిళ్లలో చుట్టాలు, సెల్లార్‌లో పక్క ఫ్లాట్ వాళ్లు, దారిలో చార్జర్ దగ్గర టీ తాగుతూ పరిచయమైన వాళ్లు అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాశాను. ఇన్నాళ్లలో ఒకటి గమనించాను. బ్యాటరీ గురించి అడిగేవాళ్ల గొంతులో భయం ఉంటుంది. అడాస్ గురించి, అంటే కారు తనే బ్రేక్ వేయడం, లేన్‌లో నిలబెట్టడం లాంటి వాటి గురించి అడిగేవాళ్ల గొంతులో మురిపెం ఉంటుంది. నా లెక్కన ఇది తారుమారు కావాలి. బ్యాటరీని ఇంకాస్త నమ్మొచ్చు. అడాస్‌ని ఇప్పుడు నమ్ముతున్నంత నమ్మకూడదు.

కంపెనీ చెప్పిన కిలోమీటర్లు నిజంగా వస్తాయా?

రావు. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు 30.2 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీకి 312 కిలోమీటర్లు అన్నారు. రోడ్డు మీద చాలామందికి వచ్చింది 200 అటూ ఇటూ. అది మోసం కాదు. ఆ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, తక్కువ వేగంతో, ఒక పద్ధతి ప్రకారం చేస్తారు. మన రోడ్డు, మన ఎండ, మన ఏసీ అందులో ఉండవు.

నేను అందరికీ చెప్పే లెక్క ఒకటే. బ్యాటరీ ఎన్ని యూనిట్లో చూసి ఆరున్నరతో గుణించండి. 30 యూనిట్లకు దాదాపు 200, 45 యూనిట్లకు 290. కారు కొనేటప్పుడు ఈ అంకె చూసుకుంటే తర్వాత బాధ ఉండదు. వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి వేగం వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 110లో వెళ్తే ఈ అంకె గబగబా పడిపోతుంది, 80లో వెళ్తే ఇంకా మిగులుతుంది. పెట్రోలు కారుకి సిటీలో మైలేజీ తక్కువ, హైవే మీద ఎక్కువ. దీనికి అది తారుమారు. ట్రాఫిక్‌లో బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి వస్తుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే మధ్యలో ఆగిపోతే?

మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ ఇదే టెన్షన్. దారంతా రోడ్డు కంటే చార్జింగ్ శాతమే ఎక్కువ చూశాను. ఇప్పుడు చూడను.

దూరం సుమారు 275 కిలోమీటర్లు. 40 యూనిట్ల పైన బ్యాటరీ ఉంటే సూర్యాపేటలో ఒక్కసారి ఆగితే చాలు. అది దాదాపు సగం దారి. అక్కడ ఎలాగూ టిఫిన్‌కి ఆగుతాం. 50 కిలోవాట్ల డీసీ (ఫాస్ట్) చార్జర్ దగ్గర 20 శాతం నుంచి 80 శాతానికి ముప్పావు గంట అటూ ఇటూ పడుతుంది. 80 దాటాక కారే కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, కాబట్టి నిండా పెట్టాలని అక్కడే కూర్చోవడం వృథా. పైగా వెనకాల ఇంకొకరు ఎదురు చూస్తూ ఉంటారు.

రెండు జాగ్రత్తలు. వెళ్లే చార్జర్ పనిచేస్తోందో లేదో యాప్‌లో ముందే చూడండి. ఎవరో అరగంట క్రితం అక్కడ చార్జింగ్ పెట్టుకుని ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. అది పనిచేయకపోతే ఇంకో చార్జర్‌కి చేరేంత మిగుల్చుకోండి, నేనైతే 20 శాతం కిందికి పోను. ఇక సంక్రాంతి ముందు రెండు రోజులు ఈ లెక్కలేవీ నమ్మకండి. పంతంగి టోల్ దగ్గర ఎంత క్యూ ఉంటుందో చార్జర్ల దగ్గరా అంతే. ఆ రోజుల్లో తెల్లవారుజామున 4కే బయల్దేరుతాను.

ఇంట్లో చార్జింగ్‌కి ఏం చేయించాలి?

ఏసీకి, గీజర్‌కి వాడే 15 ఆంప్స్ ప్లగ్ చాలు. దాని నుంచి గంటకు దాదాపు 3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి 9కి పెడితే పొద్దున 6కి 27 యూనిట్లు, నష్టాలు పోను 150 కిలోమీటర్లకు పైనే. సిటీలో రోజుకి 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఇది వారానికి రెండుసార్లు పెడితే సరిపోతుంది. 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ ఉంటే మంచిదే. అది లేదని కొనడం మాత్రం మానకండి.

అసలు చూడాల్సింది ఎర్తింగ్. మన పాత ఇళ్లలో ప్లగ్గుకి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా కార్లు చార్జింగ్ తీసుకోవు, ఎర్ర లైటు వేసి ఊరుకుంటాయి. మా ఊళ్లో మొదటిసారి అదే జరిగింది. కారు పాడైందని ఇంట్లో అందరూ కంగారు పడ్డారు. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్తింగ్ పెట్టాక బండి బుద్ధిగా చార్జింగ్ తీసుకుంది. ఆ ఎర్ర లైటు మన ప్రాణం కాపాడే లైటు. దాన్ని తప్పించడానికి అడాప్టర్లు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి లోడు ఎక్కువైతే ఆపే వేరే ఎంసీబీ, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. పది గంటలు ఏకధాటిగా 15 ఆంప్స్ మోసేలా వాటిని చేయరు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. ఉన్న కరెంటు కనెక్షన్ నుంచే యజమాని తన ఇంటి దగ్గర బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కాగితం చూపించి గొడవ పడొచ్చు. నేను పడలేదు. కమిటీ వాళ్ల భయాలు రెండే. ఉమ్మడి మీటరు బిల్లు పెరుగుతుందని, సెల్లార్‌లో మంట వస్తుందని. మా ఫ్లాట్ మీటరు నుంచే సెల్లార్‌లోకి సొంత లైను దింపించి, పైపులో వేయించి, పని చేసిన ఎలక్ట్రీషియన్‌నే మీటింగ్‌కి తీసుకెళ్లి ఆయన చేతే చెప్పించాను. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మా సెల్లార్‌లో అలాంటి లైన్లు ఐదు ఉన్నాయి.

సొంత పార్కింగ్ లేని అద్దె ఇంట్లో ఉన్నారా? ఆఫీసులో చార్జింగ్ ఉంటే తప్ప కొనొద్దనే చెప్తాను. రోజూ బయటి చార్జర్ మీద బతకడం డబ్బూ ఎక్కువే, చిరాకూ ఎక్కువే.

ఖర్చు నిజంగా తగ్గుతుందా?

నెలకి 1200 కిలోమీటర్లు అనుకుందాం. నష్టాలతో కలిపి 205 యూనిట్లు. కరెంటు పై శ్లాబులో పడి యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 1,850 లోపు. అదే దూరం లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారులో 80 లీటర్లు, లీటరు 107 చొప్పున 8,500 పైనే. బయటి డీసీ చార్జర్ దగ్గర యూనిట్ 20 దాటితే మిగులు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జీఎస్టీ 5 శాతమే. అయితే నెలకి 500 కిలోమీటర్లు కూడా తిరగని వాళ్లకి కొనేటప్పుడు పెట్టిన ఎక్కువ డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అమ్మేటప్పుడు ధర కూడా పెట్రోలు కారు కంటే ఎక్కువ పడిపోతుంది. ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిదేళ్లకి బ్యాటరీ పోతుందట కదా?

8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది మన దగ్గర చాలా కంపెనీలు ఇచ్చే వారంటీ. దాన్ని బ్యాటరీ ఆయుష్షు అనుకుంటున్నారు. ఫ్రిజ్‌కి ఏడాది వారంటీ ఇస్తే ఏడాదికే పోతుందా? బ్యాటరీ సామర్థ్యం ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది, అంతే. మన ఎండలకి చేయాల్సిందల్లా, నిండా చార్జ్ చేసిన బండిని మే నెల మధ్యాహ్నం ఎండలో రోజుల తరబడి వదిలేయకుండా ఉండటం.

మీ బ్యాటరీ ఏ రకమో తెలుసుకోండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే అప్పుడప్పుడు 100 వరకు పెట్టాలి, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) అయితే రోజువారీకి 80 దగ్గర ఆపడం మేలు.

మంటలు?

ఈ భయం మనవాళ్లలో ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. టీవీల్లో రోజుల తరబడి చూశాం. ఆ రెండూ స్కూటర్ నుంచి తీసి గదిలో పెట్టిన బ్యాటరీలు. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల నియమాలు కఠినం చేసింది. లోపల ఒక సెల్ వేడెక్కితే ఆ మంట బయటికి రాకముందే లోపలున్నవాళ్లకి హెచ్చరిక అందాలన్నది అందులో ఒకటి. కారు బ్యాటరీ చల్లబరిచే ఏర్పాటుతో, గట్టి పెట్టెలో, కారు కిందే ఉంటుంది. ప్రమాదం సున్నా అనను. గుద్దుకుని అడుగు భాగం దెబ్బ తింటే, మంట కనిపించకపోయినా, సర్వీస్ వాళ్లు చూసేదాకా చార్జింగ్ పెట్టకండి, ఇంటికి ఆనించి నిలపకండి.

వరద నీళ్లలో దిగితే షాక్ కొడుతుందా?

మామూలుగా కొట్టదు. బ్యాటరీలకు ఐపీ67 అని రాస్తారు. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు రాకూడదు. కానీ ఆ పరీక్ష కదలని మంచినీళ్లలో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బండ్లు బురద నీళ్లలో రోజుల తరబడి ఉన్నాయి. అలా మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి సర్వీస్‌కి పంపాలి. బీమాలో బ్యాటరీకి వేరే కవర్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

బ్యాటరీ 70 శాతం ఉంది, కారు తలుపే తెరుచుకోవడం లేదు. ఎందుకు?

నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి కారు ఉలకదు, పలకదు. తాళాలు, కంప్యూటర్లు నడిచేది మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీతో. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు లేవదు. కీలో దాచిన తాళంచెవితో తలుపు తీయడం ఎలాగో ఒకసారి నేర్చుకుని పెట్టుకోండి. మూడేళ్లు దాటాక ఆ చిన్న బ్యాటరీని ప్రతి సర్వీస్‌లో పరీక్ష చేయించండి.

లెవెల్ 2 అడాస్ అంటే కారు తనే నడుస్తుందా?

నడవదు. ఈ లెవెళ్లు 0 నుంచి 5 వరకు ఉంటాయి. లెవెల్ 2లో కారు స్టీరింగ్‌నీ, వేగాన్నీ రెండింటినీ పట్టుకుంటుంది, కానీ రోడ్డు చూసే పని పూర్తిగా మనదే. మన దగ్గర అమ్మే కార్లలో అడాస్ లెవెల్ 2 దాటదు. షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లినతను స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేసి "చూశారా సార్" అన్నాడు. నా పక్కన మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. ఆ అలవాటు ఇంట్లోకి తెచ్చుకోకండి. చేతులు తీస్తే కొన్ని సెకన్లలో కారే మోగి అడుగుతుంది. ఆ మోతను ఆపడానికి స్టీరింగ్‌కి నీళ్ల సీసా, బరువు కట్టే వీడియోలు తిరుగుతున్నాయి. పిల్లలు వెనక సీట్లో ఉండగా అలా చేసేవాళ్లని తలుచుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది.

మన రోడ్ల మీద ఇది ఎక్కడ పనికొస్తుంది?

ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగా. 158 కిలోమీటర్లు, గీతలు స్పష్టంగా ఉంటాయి, బైకులకి, ఆటోలకి ప్రవేశం లేదు. విజయవాడ హైవే మీద పగటిపూట, ట్రాఫిక్ పల్చగా ఉన్నప్పుడు ముందు బండితో దూరం ఉంచే క్రూజ్ కంట్రోల్ కాళ్ల నొప్పి తగ్గిస్తుంది. సిటీలో లేన్ అసిస్ట్, క్రూజ్ రెండూ ఆపేస్తాను. ముందు వదిలిన దూరంలో ప్రతిసారీ ఒక ఆటో దూరుతుంది, కారు ఉలిక్కిపడి బ్రేక్ వేస్తుంది. ఎమర్జెన్సీ బ్రేక్‌ని మాత్రం ఎప్పుడూ ఆపను. తార్నాక దగ్గర ఒక కుర్రాడు బస్సు ముందు నుంచి పరిగెత్తుకొచ్చినప్పుడు నా కాలు కంటే అదే ముందు పట్టింది.

వరి కోతల కాలంలో ఊరి రోడ్ల మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. కెమెరాకి వడ్ల కింది గీత కనపడదు, ఆ రాయి కనపడదు. గుంత తప్పించడానికి ఇండికేటర్ వేయకుండా పక్కకి తిప్పితే స్టీరింగ్ వెనక్కి లాగుతుంది. మొదటిసారి లాగినప్పుడు ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. ఇండికేటర్ వేస్తే లాగదు. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, రాత్రి రోడ్డు దాటే గేదెలు, వీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

రోడ్డు మీద ఆగి ఉన్న లారీని చూసి బ్రేక్ వేస్తుందా?

వేస్తుందనుకుని కూర్చోకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి.

కారు ముందు ఏముందో కనిపెట్టే రాడార్ తరంగాలు రోడ్డు పక్క బోర్డు, వంతెన, డివైడర్ రెయిలింగ్, అన్నిటికీ తగిలి తిరిగొస్తాయి. కదలని ప్రతి వస్తువుకీ బ్రేక్ వేస్తే బండి నడపడమే కుదరదు. అందుకే ఎక్కువ వేగంలో, మొదటి నుంచీ కదలకుండా ఉన్న వస్తువులను చాలా కార్లు అంతగా లెక్కలోకి తీసుకోవు. మీ కారు పుస్తకం తీసి క్రూజ్ కంట్రోల్ అధ్యాయం చదవండి, హెచ్చరికల్లో ఈ మాట ఉంటుంది. ముందు వెళ్తున్న బండి మెల్లగా ఆగితే కారు బాగానే ఆగుతుంది. ముందు నుంచే ఆగి ఉన్నదే ప్రమాదం.

ఒక డిసెంబరు రాత్రి ఏడున్నరకి నకిరేకల్ దాటాక క్రూజ్ 90లో పెట్టి వస్తున్నాను. ముందున్న కారు హఠాత్తుగా కుడికి తప్పుకుంది. దాని ఎదురుగా పత్తి లోడుతో ట్రాక్టర్ ట్రాలీ, టైరు పోయి ఆగి ఉంది. లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. ముందు కారు పక్కకి పోవడంతో దారి ఖాళీ అయిందనుకుని నా కారు వేగం అందుకోబోయింది. 90లో సెకనుకి 25 మీటర్లు పోతాం. నేను బ్రేక్ తొక్కాక గానీ దాని హెచ్చరిక మోగలేదు. బోరాల మీది కుట్లు కనిపించేంత దగ్గర ఆగాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి చీకటి పడ్డాక క్రూజ్ వాడను, పగలు వాడినా కుడికాలు బ్రేక్ పక్కనే ఉంటుంది.

అమెరికాలో మా వాళ్ల కారు ఇంటి నుంచి ఆఫీసుదాకా తనే వెళ్తుంది. మన దగ్గర ఎందుకు కాదు?

డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఆ వీడియోలు మా ఇంటి వాట్సాప్ గ్రూప్‌లోకీ వస్తాయి. టెస్లా తన "ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్" సాఫ్ట్‌వేర్ పేరుకి 2024లో "పర్యవేక్షణతో" అన్న మాట చేర్చిందని మాత్రం ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. అది కూడా లెవెల్ 2నే. 2016లో ఫ్లోరిడాలో ఆటోపైలట్ మీద వెళ్తున్న టెస్లా కారు రోడ్డు దాటుతున్న తెల్లటి ట్రైలర్ కిందికి దూసుకుపోయి నడుపుతున్న మనిషి చనిపోయాడు. డ్రైవరు యంత్రం మీద అతిగా ఆధారపడటం ఒక కారణమని అక్కడి ప్రభుత్వ దర్యాప్తు సంస్థ తేల్చింది. 2023 డిసెంబరులో, డ్రైవరు శ్రద్ధ పెడుతున్నాడో లేదో చూసే ఏర్పాటు సరిపోదని 20 లక్షలకు పైగా టెస్లా కార్లకు రీకాల్ ఇచ్చారు. నిజంగా డ్రైవరు లేకుండా తిరిగేవాటిలో ముఖ్యమైనవి వేమో కంపెనీ ట్యాక్సీలు, ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి కొన్ని నగరాల్లో, ముందే అణువణువూ మ్యాప్ చేసిన వీధుల్లో.

అక్కడున్న మన పిల్లలకి ఫోన్‌లో చెప్పండి: వీడియో తీసే చెయ్యి స్టీరింగ్ మీద ఉండాలని.

కారు ఊరికే బ్రేక్ వేసి వెనకవాడు గుద్దితే తప్పు ఎవరిది?

మన చట్టం దృష్టిలో స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషే డ్రైవరు. కారు వేసిందంటే ఎవరూ వినరు. హెచ్చరిక ఎంత ముందు రావాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. వెనక బస్సు ఆనుకుని వస్తుంటే దారి ఇచ్చేయండి.

వాహన పూజ చేయించొచ్చా? నిమ్మకాయలు కట్టొచ్చా?

నవ్వొద్దు, ఇది మంచి ప్రశ్న. నేనూ పూజ చేయించాను, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. కానీ రాడార్ చాలా కార్లలో ముందు బంపర్ లేదా లోగో వెనక ఉంటుంది, కెమెరా అద్దం పైన మధ్యలో ఉంటుంది. పూలదండ, వేలాడే నిమ్మకాయలు, పసుపు, కుంకుమ ఆ చోట్లను కప్పకూడదు. పంతులుగారికి ముందే చెప్తే బానెట్ మీద బొట్టు పెడతారు. ముందు అద్దం పగిలి మార్పిస్తే కెమెరా గురి మళ్లీ సరిచేయించాలి (కాలిబ్రేషన్). అది చేయకుండా బండి ఇస్తే తీసుకోవద్దు.

మా నాన్నగారికి 66 ఏళ్లు. ఆయనకి ఈ కారు ఇవ్వొచ్చా?

ఎలక్ట్రిక్ కారు పెద్దవాళ్లకి చాలా హాయి. క్లచ్ లేదు, గేర్లు లేవు, చప్పుడు లేదు. రెండు విషయాలు దగ్గరుండి నేర్పండి. ఒకటి, యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే మొత్తం బలం వస్తుంది కాబట్టి మొదటి నెల ఎకో మోడ్‌లోనే ఉంచండి. రెండు, కాలు తీస్తేనే కారు తగ్గిపోయే రీజెన్‌ని తక్కువలో పెట్టండి, లేకపోతే ఆయన బ్రేక్ తొక్కే అలవాటే మర్చిపోతారు.

అడాస్‌లో మా నాన్నగారికి ఎమర్జెన్సీ బ్రేక్, వెనక అడ్డంగా వచ్చే బండి చెప్పే హెచ్చరిక ఉంచి మిగతావన్నీ ఆపేశాను. కొన్ని కార్లలో బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆపినవన్నీ మళ్లీ ఆన్ అవుతాయి. అందుకని ఏ బటన్ నొక్కాలో కాగితం మీద తెలుగులో రాసి సన్ వైజర్‌కి అంటించాను. బండి ఎక్కగానే కళ్లజోడు పెట్టుకుని అది చదివి, నొక్కి, అప్పుడు గేటు దాటుతారు.